పట్నంలో రెండు రోజులు: మ్యూజియాలు చూసి వద్దాం

మన పల్లెల్లో ఎవరైనా హైదరాబాదు వెళ్తున్నారంటే ఎదురింటివాళ్లు మొదట అడిగే ప్రశ్న, "ఎవరికి బాగాలేదు?" అని. పట్నమంటే మనకు ఆసుపత్రి. లేకపోతే ఆఫీసు, కోర్టు, పిల్లల కాలేజీ సీటు. గంటల తరబడి బెంచీ మీద కూర్చుంటాం. పని అయిందో లేదో తెలియకుండానే చీకటిపడే వేళకు బస్సెక్కుతాం. వెంట పిల్లలను తీసుకువెళ్లినా వాళ్లకు గుర్తుండేది మందుల వాసన, రోడ్డు మీద హారన్ల మోత.

అదే ఊళ్లో వందల ఏళ్లనాటి చేతిపనులు, దూరదేశాల శిల్పాలు, ఇప్పటి చిత్రకారులు వేసిన బొమ్మలు వరుసగా అమర్చి ఉన్నాయి. వాటిని చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. కొద్దిపాటి టికెట్టు చాలు, కొన్నిచోట్ల అదీ ఉండదు. అయినా మన కుటుంబాలు ఆ గుమ్మాలు ఎక్కేది తక్కువ. "అవన్నీ చదువుకున్నవాళ్లకు, మనకేం అర్థమవుతాయి?" అనుకుంటాం. ఆ మాట నిజం కాదని నాకు ఒక ప్రయాణంలో తెలిసింది. మీకూ పనికొస్తుందని దాని సంగతులు రాస్తున్నాను.

ఐదుగురం బయలుదేరాం

నేను పల్లెటూరి బడిలో పాఠాలు చెబుతాను. మా వారిది సేద్యం. ఒక ఏడు పత్తి అమ్మిన డబ్బులో అప్పు కట్టగా కొంత మిగిలింది. సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దరికీ పట్నం చూపిద్దామని అనుకున్నాం. పత్తి ఇంకా పూర్తిగా ఏరలేదు కనుక ఆయన ఇంటి దగ్గర ఉండిపోయారు. వడ్రంగం పనిచేసే మా మరిది తోడు వచ్చాడు.

చిక్కల్లా మా అత్తమ్మతోనే వచ్చింది. మా మామయ్యగారికి జబ్బు చేసినప్పుడు ఆవిడ పద్దెనిమిది రోజులు హైదరాబాదులో ఉన్నారు. అన్ని రోజుల్లో ఆసుపత్రి గేటు దాటి ఎరుగరు. చివరికి ఆయనను ప్రాణాలతో ఇంటికి తెచ్చుకోలేకపోయారు. ఆ ఊరి పేరెత్తితే ఆవిడ ముఖం మారిపోయేది. "నేను రాను, మీరు పోయి రాండ్రి" అన్నారు. చిన్నవాడు చేయి పట్టుకొని వదలకపోతే చివరికి ఒప్పుకున్నారు. అలా ఐదుగురం బస్సెక్కాం.

మొదటి రోజు: సాలార్‌జంగ్ మ్యూజియం

మూసీ నది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫా దగ్గర ఉంది ఈ మ్యూజియం. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు దగ్గరే. సికింద్రాబాదు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగినవారు మెట్రో రైలెక్కితే నేరుగా మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు చేరతారు.

ఇక్కడి వస్తువులలో ఎక్కువ భాగం ఒకే మనిషి పోగుచేసినవి. ఆయన మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడో సాలార్‌జంగ్. 1889లో పుట్టారు. 1912లో నిజాం ప్రభుత్వంలో దివాన్, అంటే ప్రధానమంత్రి అయ్యారు. రెండేళ్లకే ఆ పదవి విడిచిపెట్టి, మిగిలిన జీవితమంతా అపురూపమైన వస్తువులు సేకరించడానికే ఇచ్చుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో ఆయన చనిపోయాక ఆ సేకరణను 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియంగా ప్రారంభించారు. మొదట అది సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడీలో ఉండేది. 1968లో ఇప్పటి భవనంలోకి మార్చారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అంటే ఒకప్పుడు ఒక నవాబుగారి ఇంట్లోవైన ఈ వస్తువులు ఇప్పుడు మన అందరివీ.

గదులు నలభైకి దగ్గరగా ఉన్నాయి. అన్నీ ఒక్క రోజులో చూడాలనుకుంటే కాళ్లనొప్పులు తప్ప ఏమీ మిగలవు. మేము లోపలికి వెళ్లేముందే నాలుగైదు వస్తువులు ఎంచుకున్నాం. వాటి దగ్గర నిలబడి తీరిగ్గా చూడాలి, మిగతావి దారిలో కనిపించినంతవరకే అనుకున్నాం. ఈ ఒక్క నిర్ణయంతో ఆ రోజు మాకు చక్కగా గడిచింది.

ముసుగు వేసుకున్న రిబ్కా

మన సండేస్కూలు పిల్లలకు రిబ్కా కథ తెలుసు. ఆదికాండము 24వ అధ్యాయంలో అబ్రాహాము దాసుడు బావి దగ్గర ఉండగా ఆమె కడవ భుజాన పెట్టుకొని వస్తుంది. దాసునికి నీళ్లిచ్చి, అతని ఒంటెలన్నిటికీ తోడి పోస్తుంది. తరువాత ప్రయాణమై వచ్చి, సాయంకాలం పొలంలో ఎదురుగా నడిచివస్తున్న ఇస్సాకును చూసి ఒంటె దిగి, అతనెవరో తెలియగానే ముసుగు వేసుకుంటుంది. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ ఆ ముసుగు రిబ్కానే పాలరాతిలో చెక్కాడు. ఆయన కొండప్రాంతపు చిన్న పల్లెలో పుట్టినవాడు. 1876లో ఐరోపా యాత్రకు వెళ్లిన మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీఖాన్, రోము నగరంలో ఈ శిల్పాన్ని కొన్నారు.

చూసిన క్షణాన నమ్మశక్యం కాదు. రాతి మీద పలుచని బట్ట కప్పినట్టు, ఆ బట్టలోంచి ముక్కు, పెదవులు, కనురెప్పలు కనబడుతున్నట్టు ఉంటుంది. "అమ్మా, ఆ బట్ట తీస్తే ముఖం చూడొచ్చా?" అని మా చిన్నవాడు అడిగాడు. బట్ట లేనే లేదు, ఉన్నదంతా రాయే. పాలరాయి అక్కడ గాజులా పారదర్శకంగా లేదు. ముఖం గీతలను మెత్తగా, లోతు తక్కువగా చెక్కి, వాటి మీదుగా ముసుగు మడతలను సన్నగా, స్పష్టంగా తీర్చాడు శిల్పి. వెలుగు ఆ మడతల మీద ఒకలా, ముఖం వంపుల మీద మరోలా పడుతుంది. మిగిలింది మన కన్ను పూరించుకుంటుంది. ఉతికిన తడిబట్ట చెంబు మీద పరిస్తే చెంబు ఆకారం ఎలా తెలుస్తుందో, అదే సూత్రం. పిల్లలకు ఇంటికి వచ్చాక అలా పరిచి చూపించాను.

బెంజోనీ ఈ రిబ్కాను ఒక్కసారే చెక్కి ఊరుకోలేదు. ఇలాంటివి మరికొన్ని చేశాడు. అమెరికాలో అట్లాంటా నగరపు మ్యూజియంలోనూ ఒకటి ఉంది. మనం మాత్రం బస్సెక్కి వెళ్లి చూడగల రిబ్కా హైదరాబాదులో ఉన్నదే.

మా అత్తమ్మ అక్కడ చాలాసేపు నిలబడ్డారు. "పిల్ల సిగ్గుపడ్డది గని, భయపడలే" అన్నారు. ఎరుగని దేశానికి, ఎరుగని ఇంటికి కోడలిగా వెళ్తున్న అమ్మాయి ముఖంలో ఆవిడ చూసినది అది. శిల్పం గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు.

ఒకే దుంగ, ఇద్దరు మనుషులు

మా మరిదిని కదలనివ్వని బొమ్మ ఇంకొకటి ఉంది. నిలువెత్తు కర్రబొమ్మ. ముందు నుంచి చూస్తే టోపీ పెట్టుకొని గర్వంగా నిలబడ్డ పురుషుడు. అతని వెనుక పెద్ద అద్దం. ఆ అద్దంలోకి చూస్తే అదే దుంగకు రెండో వైపున ప్రార్థన పుస్తకం పట్టుకొని తల వంచుకున్న యువతి. జర్మన్ కవి గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని మెఫిస్టోఫిలిస్ అనే దుష్టాత్మ అతను. ఆమె మార్గరెట్ అనే అమాయకురాలు. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పనితనమిది.

మరిది కథ వినలేదు. బొమ్మకు ఈ పక్క, ఆ పక్క వంగి వంగి చూశాడు. "అతుకు ఎక్కడుందా అని చూస్తున్న వదినా. ఎక్కడా లేదు. ఒక పక్క ఉలి కొంచెం లోతుకు పోతే రెండో పక్క మనిషి పాడైపోతాడు" అన్నాడు. దుంగలో చీలిక రాకుండా ఎంతకాలం ఆరబెట్టి ఉంటారో, పోగు ఏ దిక్కున పోతున్నదో పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాడు. పక్కన నిలబడ్డ పట్నంవాళ్లు కూడా చెవి ఒగ్గి విన్నారు. పదో తరగతి తప్పిన మా మరిది ఆ అరగంట ఆ గదిలో ఉపాధ్యాయుడు.

నాకు అర్థమైనది ఇదే. మ్యూజియంలో ఉన్నవాటిలో ఎక్కువభాగం చేతిపని. చేతిపని చేసేవారి కంటికి అందులో ఇతరులకు కనబడనివి కనబడతాయి. నేత తెలిసిన వారు చీర అంచు దగ్గర ఆగుతారు. కుమ్మరి పని తెలిసిన వారు చైనా కూజా అడుగు వంక చూస్తారు. మనకు ఏమీ తెలియదనుకొని తలవంచుకొని నడవనక్కర్లేదు.

గడియారం, నల్లని బిద్రీ

పన్నెండు కావడానికి పావుగంట ముందే గడియారం దగ్గరికి చేరండి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరుతో ఉన్న ఈ గడియారంలో ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణం సుత్తి కొడుతూ ఉంటుంది. గంట కాగానే చిన్న తలుపు తెరుచుకొని గడ్డం బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బే. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు. చూడటానికి కుర్చీలు వేసి ఉంటాయి కనుక పెద్దవారికి అది విశ్రాంతి కూడా.

తరువాత బిద్రీ సామాన్లు చూశాం. ఒకప్పుడు నిజాం రాజ్యంలో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బీదర్ పట్టణం పేరు మీద వచ్చిన కళ ఇది. హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు, పళ్లేలు నల్లగా మెరుస్తుంటాయి. వాటి మీద వెండి పువ్వులు, తీగలు. ఎక్కువ పాళ్లు జింకు, కొద్దిగా రాగి కలిపి కరిగించి, మట్టి అచ్చులో పోత పోస్తారు. ఆరిన పాత్ర మీద ఉలితో నగిషీ గీసి, ఆ గాడుల్లోకి వెండి తీగ కొట్టి కూర్చుతారు. చివరికి బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దుతారు. అప్పుడు జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉండిపోతుంది. ఒకే మట్టి, ఒకే రుద్దుడు. ఒక లోహం నల్లబడటం, మరొకటి మెరవడం పిల్లలకు బాగా గుర్తుండిపోయింది.

దంతపు కుర్చీలు, పచ్చరాతి పిడులున్న కత్తులు, చైనా పింగాణీ, పారశీక తివాచీలు వగైరా దారిలో చూసుకుంటూ నడిచాం. మూడు గంటలకల్లా బయటపడి మూసీ ఒడ్డున సద్ది విప్పుకున్నాం.

బొమ్మలున్నచోటికి వెళ్లవచ్చునా?

మా సంఘంలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. "అక్కడ విగ్రహాలుంటాయి గదమ్మా, పిల్లలను తీసుకుపోవచ్చునా?" అడిగినది మంచి మనసుతోనే కనుక జవాబు కూడా నెమ్మదిగానే చెప్పాలి. మ్యూజియంలో వస్తువు ముందు ఎవరూ మొక్కరు. ఏ కాలంలో, ఎవరు, దేనితో చేశారో తెలుసుకుంటారు. అపొస్తలుడైన పౌలు ఏథెన్సు నగరంలో తిరుగుతూ అక్కడివారు పూజించేవాటిని పరిశీలించి చూశాడు గనుకనే వారితో వారికి తెలిసిన మాటతో మొదలుపెట్టి మాట్లాడగలిగాడు. ప్రత్యక్ష గుడారపు పని కోసం దేవుడు బెసలేలుకు చేతినైపుణ్యం ఇచ్చాడని నిర్గమకాండము 31వ అధ్యాయంలో చదువుతాం. మంచి పనితనాన్ని మెచ్చుకోవడం మన విశ్వాసానికి కొత్తేమీ కాదు.

మెదక్ గుడికి వెళ్లినవారికి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ దేవాలయంలో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం చూపే మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించినవి. బయటినుంచి చూస్తే నల్లగా, ఏమీ తెలియకుండా ఉంటాయి. పగటి వెలుగులో లోపల నిలబడితేనే రంగులు వికసిస్తాయి. మెదక్‌లో ఆ కిటికీల కింద నిలబడి తలెత్తి చూసిన ప్రతివారూ కళాఖండం చూసినవారే. పట్నంలో చేయవలసింది కూడా ఆ పనే.

రెండో రోజు ఉదయం: పబ్లిక్ గార్డెన్స్

నాంపల్లి దగ్గర పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న రాష్ట్ర పురావస్తు మ్యూజియం సాలార్‌జంగ్ అంత పెద్దది కాదు. పిల్లలతో రెండు గంటల్లో చూడవచ్చు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను ఏర్పాటు చేసింది. దానికి మొదటి డైరెక్టరు గులాం యజ్దానీ. ఆ శాఖ కృషితోనే 1930 ప్రాంతంలో ఈ మ్యూజియం వచ్చింది.

పిల్లలు పరుగెత్తేది ఈజిప్టు మమ్మీ దగ్గరికి. రెండువేల ఏళ్లకు పైబడిన ఒక యువతి దేహమది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని కొని తెచ్చి ఏడో నిజాముకు కానుకగా ఇచ్చారు. ఆయన మ్యూజియానికి ఇచ్చారు. ఈజిప్టువాళ్లు దేహాన్ని నాట్రాన్ అనే ఒక రకం ఉప్పులో ఉంచి తేమంతా లాగేసి, తరువాత నారబట్టతో చుట్టేవారు. మనం చేపను ఉప్పు పట్టించి ఎండబెట్టేది కూడా తేమ ఉంటే కుళ్లుతుందనే కదా. ఆదికాండము 50వ అధ్యాయంలో యోసేపు తన తండ్రి యాకోబు దేహానికి వైద్యుల చేత సుగంధద్రవ్యాలు పట్టించాడని, దానికి నలభై రోజులు పట్టిందని, ఐగుప్తీయులు డెబ్బై రోజులు దుఃఖించారని ఉంది. చిన్నప్పటినుంచీ వింటున్న ఆ మాట ఎలాంటి పని గురించో ఆ గాజుపెట్టె ముందు నిలబడ్డప్పుడే నాకు అర్థమైంది.

ఒక్క మాట. పిల్లలకు ముందే చెప్పి తీసుకువెళ్లండి. అది ఆటబొమ్మ కాదు, ఒకప్పుడు మనలాగే బ్రతికిన ఒక ఆడపిల్ల. మా పెద్దమ్మాయి, "వాళ్ల అమ్మ ఎంత ఏడ్చిందో" అంది. మా అత్తమ్మ ఏమీ అనలేదు. కొంగు సర్దుకొని పెట్టె ముందు కాసేపు నిలబడ్డారు.

అజంతా గుహల చిత్రాలకు చేయించిన నకళ్లు కూడా అక్కడే ఉన్నాయి. అజంతా ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నా అప్పట్లో నిజాం రాజ్యంలోనిదే. నిజాం ప్రభుత్వం 1920 తరువాత ఇటలీ నుంచి నిపుణులను రప్పించి ఊడిపోతున్న ఆ చిత్రాలకు మరమ్మతు చేయించింది. అంత దూరం వెళ్లలేనివారికి ఈ నకళ్లు ఒక చక్కని అవకాశం.

అక్కడికి దగ్గరలోనే నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్సు మ్యూజియం ఉంది. యామనపల్లి అనే మన తెలుగు పల్లె దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం అక్కడ ఉంది. శాస్త్రజ్ఞులు దాని శాస్త్రీయనామంలో ఆ పల్లె పేరు కూడా కలిపారు. ఆధునిక చిత్రాల గ్యాలరీ, నక్షత్రశాల కూడా అదే ఆవరణలో ఉన్నాయి. పెద్ద పిల్లలున్నవారు దీనికి మరో పూట కేటాయించుకోవచ్చు.

మధ్యాహ్నం: మాదాపూర్ వైపు

అసెంబ్లీ దగ్గర మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ స్టేషన్‌కు చేరతాం. అటువైపే శిల్పారామం. అందులో పల్లె మ్యూజియం అని ఒక భాగం ఉంది. పూరిళ్లు, వాటి ముందు నిలువెత్తు మట్టిబొమ్మలు. కుమ్మరి సారె తిప్పుతుంటాడు, నేతగాడు మగ్గం దగ్గర కూర్చుంటాడు.

అక్కడ మా అత్తమ్మ గొంతు విప్పారు. "గీ ఇసుర్రాయి మనింట్ల సుత ఉండె గద! దీన్ని సూడనీకి గూడ టికెట్ వెడుతున్రా?" అని నవ్వారు. ఆ నవ్వు విని మేమందరం ఆగిపోయాం. తరువాత ఆవిడ పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకొని, జొన్నలు విసరడానికి తెల్లవారుజామున ఎన్ని గంటలకు లేచేవారో, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే పని ఎలా తేలికయ్యేదో, విసురుతూ పాడుకునే పాట ఎందుకు నిదానంగా ఉంటుందో చెప్పారు. మా పెద్దమ్మాయి నోటుపుస్తకం తీసి రాసుకుంది. ఆ కబుర్లు ఇంటి దగ్గర ఎన్నడూ ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మాదాపూర్‌లోనే రాష్ట్ర చిత్రకళా గ్యాలరీ ఉంది. మ్యూజియంలో వస్తువులు ఏళ్ల తరబడి అవే ఉంటాయి. ఇక్కడ అలా కాదు, ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. ఈ నెల ఒకరివి, వచ్చే నెల మరొకరివి. గోడకు బొమ్మ, కింద చిన్న అట్టముక్క మీద చిత్రకారుని పేరు. అంతే. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా బెదురుతారు. "ఇదేం బొమ్మ? ముక్కు ఒక దిక్కు, కన్ను ఒక దిక్కు" అంటారు. అలా అనిపిస్తే అనిపించనివ్వండి. తొందరపడి నవ్వవద్దు, తొందరపడి మెచ్చుకోనూ వద్దు. బొమ్మకు కాస్త దూరంగా నిలబడి మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదట నా కన్ను ఎక్కడికి పోయింది? ఏ రంగు ఎక్కువగా ఉంది? ఇది చూస్తే ఏ కాలం, ఏ వేళ గుర్తుకొచ్చింది? తరువాత దగ్గరికి వెళ్లి కుంచె గీతలు చూడండి. పిల్లలు మనకంటే ముందే జవాబులు చెబుతారు.

మన పల్లెలే మన పెద్ద చిత్రకారులను కన్నాయి. కె. లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. పల్లె మనుషులను, మేకలను, చెట్లను ఆయన సన్నని గీతల్లో గీశారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టారు. ఎర్రని, పచ్చని చీరలు, నొసట పెద్ద బొట్టు, నల్లని ఒంటితో నిండుగా కనిపించే తెలంగాణ స్త్రీలను గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. చిన్నప్పుడు ఊళ్లో చూసిన నాటకాలు, తన తల్లి రూపం ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. నాటు వేసే మన అక్కచెల్లెళ్లు ఆ చిత్రాల్లో రాణుల్లా ఉంటారు. ఏ ప్రదర్శనలోనైనా వీరి బొమ్మలు కనిపిస్తే తప్పక ఆగండి.

వెళ్లాలనుకునేవారికి కొన్ని సూచనలు

1. సాలార్‌జంగ్ మ్యూజియానికి, రాష్ట్ర మ్యూజియానికి శుక్రవారం సెలవు. జాతీయ పండుగ రోజుల్లోనూ మూసి ఉంటాయి. శని, ఆదివారాల్లో జనం ఎక్కువ. మంగళ, బుధవారాలు మంచివి. ఆదివారం ఆరాధన కూడా తప్పదు.

2. మరమ్మతుల కోసం గదులు అప్పుడప్పుడు మూస్తుంటారు. చిత్రకళా గ్యాలరీలో ప్రదర్శనకు, ప్రదర్శనకు మధ్య ఖాళీ ఉండవచ్చు. బయలుదేరే ముందు ఫోను చేసి వేళలు, టికెట్టు ధర కనుక్కోండి. బడిపిల్లల గుంపుగా వెళ్తే తగ్గింపు ఉందేమో అడగండి.

3. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. బయట గదిలో పెట్టి చీటీ తీసుకోవాలి. డబ్బు, మందులు, చీటీ ఒంటి మీదే ఉంచుకోండి. ఫోటోలు తీయవచ్చునో లేదో అడిగి తెలుసుకోండి.

4. మోకాళ్ల నొప్పులున్నవారికి చక్రాల కుర్చీ దొరుకుతుందేమో టికెట్టు దగ్గరే అడగండి. గంటకొకసారి పది నిమిషాలు కూర్చోండి. పులిహోర, చపాతీ వంటివి కట్టుకుపోతే ఖర్చు సగం తగ్గుతుంది.

5. రాత్రి బసకు బంధువుల ఇల్లు ఉంటే సరే. లేకపోతే పట్నంలో మనవారి విడిది గృహాలు ఏమైనా ఉన్నాయేమో మీ పాస్టరుగారిని ముందుగా అడగండి. ఆఖరి నిమిషంలో లాడ్జీలు వెతుక్కుంటే డబ్బూ పోతుంది, మనశ్శాంతీ పోతుంది.

6. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ వంటి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. స్త్రీల మైత్రి సభ్యులు కలిసి వెళ్లడానికి ఇదొక వీలు.

7. ఒక్కొక్కరు తమకు బాగా నచ్చిన ఒక్క వస్తువును ఎంచుకోవాలని ముందే చెప్పండి. సాయంత్రం కూర్చున్నప్పుడు ఎందుకు నచ్చిందో చెప్పాలి. ఇది పరీక్ష కాకూడదు, కబురుగానే సాగాలి.

తిరిగి వచ్చాక

ఇల్లు చేరిన మర్నాటినుంచి మళ్లీ పొలం పనులు, బడి, పశువులు. అయినా ఆ రెండు రోజులు అక్కడితో ముగియలేదు. మా చిన్నవాడు మట్టితో గడియారం చేసి గడ్డం బొమ్మను పెట్టాడు. పెద్దమ్మాయి విసుర్రాయి పాటల కోసం వాడకట్టులోని ముసలమ్మలందరి దగ్గరికీ తిరిగింది. అది చూసి మా బడిలో ఒక బల్ల మీద పాత సామాన్లు పెట్టించాం. కుంచం, అడ్డ, సోలెడు, తవ్వెడు, పలుపుతాడు, కవ్వం, దూది ఏకే విల్లు. ఒక్కొక్కదాని పక్కన అట్టముక్క. దాని మీద పేరు, దేనికి వాడేవారు, ఎవరింటి నుంచి వచ్చింది. ఇళ్లలో అటకల మీద పురుగు పడుతున్నవే అవన్నీ. ఇప్పుడు పిల్లలు వచ్చి చేత్తో తాకి, అడిగి పోతున్నారు.

తల్లిదండ్రులారా, పంట డబ్బు చేతికి వచ్చినప్పుడు పిల్లలకు బట్టలు కొంటాం, ఫీజు కడతాం. అవి అవసరమే. వీలున్న ఏడు ఒక్కసారి ఈ రెండు రోజులకూ కొంత పక్కన పెట్టండి. ఇంట్లోని పెద్దవారిని తప్పక తీసుకువెళ్లండి. ఆ వస్తువులను చేసిన చేతుల గురించి పిల్లలకు చెప్పగలిగినది వారే. ఎండలు ముదరక ముందు, సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య రోజులు ప్రయాణానికి బాగుంటాయి.